పొట్టేలు వృషణం నుంచి శుద్ధ ప్రోటీను దాకా: హార్మోన్ బంధన ప్రోటీన్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, కర్నూలు, వరంగల్, అనంతపురం నుంచి ప్రాజెక్టు పని కోసం బెంగళూరు వచ్చే తెలుగు విద్యార్థులు ఏటా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. పద్ధతి పుస్తకంలో ఉంటుంది. ఆ పద్ధతిలో ఒక్కో అడుగు ఎందుకు ఉందో మాత్రం చాలాసార్లు ఎవరూ చెప్పరు. ఇక్కడి జవాబులన్నీ ఆ "ఎందుకు" గురించే. అన్నింటి వెనకా నేను గట్టిగా నమ్మే మాట ఒకటుంది: మనం శుద్ధి చేస్తున్నది జెల్ మీద కనిపించే పట్టీని కాదు, హార్మోనును పట్టుకునే గుణాన్ని. ఆ గుణాన్ని ప్రతి అడుగులోనూ కొలవకపోతే చివర్లో చేతికి వచ్చింది ఏమిటో ఎవరూ చెప్పలేరు.

హార్మోనును పట్టుకునే ప్రోటీన్లన్నీ రిసెప్టర్లేనా?

కావు. ఈ తేడా మొదటి రోజే మనసులో పడాలి. రిసెప్టర్ హార్మోనును పట్టుకోవడంతో ఆగదు, ఆ సందేశాన్ని కణానికి అందిస్తుంది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్, ఆండ్రోజెన్ రిసెప్టర్లు కణం లోపల ఉండి జన్యువుల మీద పనిచేస్తాయి. పిట్యూటరీ గ్రంథి విడుదల చేసే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ల రిసెప్టర్లు కణపు పొరలో, ఆ పొరను ఏడుసార్లు దాటుతూ కూర్చుంటాయి. వీటికి భిన్నంగా హార్మోనును మోసుకుపోయే ప్రోటీన్లు కొన్ని ఉన్నాయి. వృషణంలోని సెర్టోలి కణాలు ఎఫ్‌ఎస్‌హెచ్ ప్రభావంతో ఆండ్రోజెన్ బంధన ప్రోటీనును తయారుచేసి శుక్రోత్పాదక నాళికల్లోకి వదులుతాయి. అది ద్రవంతో పాటు ఎపిడిడిమిస్‌కు, అంటే వృషణానికి అంటుకుని ఉండి శుక్రకణాలు పరిపక్వమయ్యే నాళానికి, చేరుతుంది. దీన్ని క్లుప్తంగా ఏబీపీ అంటారు. కాలేయం తయారుచేసి రక్తంలోకి వదిలే ఎస్‌హెచ్‌బీజీ (సెక్స్ హార్మోన్ బంధక గ్లోబులిన్) కూడా అదే జన్యువు నుంచి వస్తుంది. రెండింటి మధ్య ప్రధానమైన తేడా వాటికి అంటుకున్న చక్కెర గొలుసుల్లో ఉంటుంది.

అందువల్ల "ఈ కణజాలంలో టెస్టోస్టెరాన్‌ను పట్టుకునేది ఏదో ఉంది" అని తేలడం ఆరంభం మాత్రమే. అది రిసెప్టరా, ఏబీపీయా, ఎస్‌హెచ్‌బీజీయా, లేక రక్తంతో వచ్చిన ఆల్బుమినా అన్నది అసలు ప్రశ్న.

జన్యువు తెలుసు, కణాల్లో ప్రోటీను తయారుచేసుకోవచ్చు. ఇంకా కణజాలం నుంచి తీయడం ఎందుకు?

ఎల్‌హెచ్ రిసెప్టర్ జన్యు నకలు 1989లో, ఎఫ్‌ఎస్‌హెచ్ రిసెప్టర్‌ది 1990లో దొరికాయి. ఎల్‌హెచ్ రిసెప్టర్ నిర్మాణం క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో 2021లో బయటపడింది. నిర్మాణమే కావాలంటే కణజాలంతో పనిలేదు. కానీ పొట్టేలు ఎపిడిడిమిస్‌లో ఉన్న ఏబీపీకి ఏ చక్కెరలు ఉన్నాయి, అది ఏ రూపాల్లో ఉంది, ఎంత ఉంది, ఋతువును బట్టి మారుతుందా అన్న ప్రశ్నలకు బ్యాక్టీరియాలో తయారైన ప్రోటీను జవాబు చెప్పదు. బ్యాక్టీరియా మామూలుగా ఆ చక్కెరలను తగిలించదు కూడా.

ఇంకొక కారణం ఈ ఊరికి సంబంధించినది. భారతీయ విజ్ఞాన సంస్థలో ఎన్.ఆర్. మౌద్గల్ బృందం ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్‌ల మీద, పి.ఆర్. అడిగ బృందం ఈస్ట్రోజెన్ ప్రేరణతో తయారయ్యే రైబోఫ్లేవిన్ వాహక ప్రోటీను మీద దశాబ్దాల పాటు పనిచేశాయి. కోడిగుడ్డు నుంచి శుద్ధి చేసిన ఆ వాహక ప్రోటీనుకు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు పుట్టిస్తే ఎలుకల్లో, కోతుల్లో గర్భం నిలవదని అడిగ బృందం చూపింది. చేత్తో శుద్ధి చేసిన ప్రోటీనే ఆ పరిశోధనకు పునాది. ఆ విద్య ఇక్కడ చేతులు మారుతూ వచ్చింది, దాన్ని నేర్చుకోవడానికి మీరు సరైన ఊరికే వచ్చారు.

బెంగళూరులో ఏ జంతువు కణజాలం వాడాలి?

పొట్టేలు, మేకపోతు. పాత పద్ధతుల్లో దూడ గర్భాశయం, ఆవు కార్పస్ లూటియం (అండం విడుదలయ్యాక అండాశయంలో ఏర్పడే గ్రంథి) అని రాసి ఉంటుంది. అవి ఇక్కడ దొరకవు, వెతకవద్దు. 2020 నాటి కర్ణాటక చట్టం ఆవు, ఎద్దు, దూడలతో పాటు 13 ఏళ్ల లోపు గేదె, దున్నల వధను కూడా నిషేధించింది. గొర్రె, మేకల వృషణాలు, ఎపిడిడిమిస్, అండాశయాలు, గర్భాశయాలు మాత్రం ట్యానరీ రోడ్డు వైపు కబేళా నుంచీ అనుమతి ఉన్న మాంసం దుకాణాల నుంచీ సేకరించుకోవచ్చు. దుకాణదారుతో ముందురోజే మాట్లాడి పెట్టుకోవాలి. అక్కడ ఉర్దూ, కన్నడ ఎక్కువ వినిపిస్తాయి. తెలుగు తెలిసినవారూ ఉంటారు. వృషణాలను తినడానికి కొనేవారు ఉన్నారు కాబట్టి వాటికి ధర ఉంటుంది. ఎపిడిడిమిస్‌ను కోసి పారేస్తారు. మీకు ఏబీపీ కావాలంటే ఆ పారేసేదే బంగారం, "దాన్ని వేరుచేయకుండా ఇవ్వండి" అని స్పష్టంగా చెప్పాలి.

ఎలుక ఎందుకు ఇంత ప్రసిద్ధమో కూడా తెలుసుకోండి. పుట్టిన తర్వాత ఎలుక కాలేయం ఎస్‌హెచ్‌బీజీని తయారుచేయదు. పెద్ద ఎలుక ఎపిడిడిమిస్‌లో ఈ రకం ప్రోటీను దొరికితే అది వృషణం నుంచి వచ్చిందని నమ్మవచ్చు. ఈ సౌకర్యం అన్ని జంతువుల్లో లేదు. గొర్రెతో పని చేసేవారు అదే జంతువు రక్తపు సీరంను పక్కన పెట్టి పోల్చుకోవాలి.

అనుమతులు?

ఎలుకలను వాడితే సంస్థ జంతు నైతిక కమిటీ ఆమోదం తప్పనిసరి. ఆహారం కోసం వధించిన జంతువు కణజాలానికి చాలాచోట్ల ఆ ఆమోదం అడగరు. అయినా కమిటీకి రాతపూర్వకంగా తెలిపి, జవాబును దాచుకోండి. పత్రిక సంపాదకులు తర్వాత అడుగుతారు. రేడియోధార్మిక హార్మోన్లకు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, సంస్థలో రేడియేషన్ భద్రతా అధికారి ఉండాలి.

కబేళా నుంచి ల్యాబ్‌కు తెచ్చే దారిలో ఏం జరుగుతుంది?

అన్నిటికంటే ఎక్కువ నష్టం అక్కడే. జంతువు చనిపోగానే కణాల్లోని ప్రోటియేజ్‌లు బయటపడి ప్రోటీన్లను ముక్కలు చేస్తాయి. వేడి ఎంత ఎక్కువ ఉంటే ఆ పని అంత వేగం. స్టెరాయిడ్ రిసెప్టర్లు వీటికి మొదట బలి అవుతాయి. ముక్క అయిన రిసెప్టర్ కొన్నిసార్లు హార్మోనును పట్టుకుంటూనే ఉంటుంది, కానీ పరిమాణం తప్పు చూపిస్తుంది. దీనివల్ల జరిగే అనర్థం పెద్దది: "కొత్త రకం రిసెప్టర్" దొరికిందని అనుకుంటారు.

తెల్లవారుజామున వెళ్లండి. మంచుముక్కలు నింపిన థర్మోకోల్ పెట్టెలో, చల్లటి ఉప్పునీటి బఫర్ ఉన్న మూత గట్టి సీసాల్లో కణజాలాన్ని ముంచి తీసుకురండి. వృషణాన్ని పైపొరతో అలాగే తీసుకొస్తే లోపలి కణజాలం మధ్యభాగం చాలాసేపు వెచ్చగానే ఉంటుంది. వీలైతే అక్కడే నిలువుగా కోసి చల్లార్చండి. ఎనిమిది దాటాక మల్లేశ్వరం వైపు రోడ్లు నిండిపోతాయి. ఆరు గంటలకు బయలుదేరడానికీ తొమ్మిది గంటలకు బయలుదేరడానికీ తేడా మీ రిసెప్టర్ కొలతలో కనిపిస్తుంది. ఆ రోజే వాడకపోతే చిన్న ముక్కలు చేసి ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి మైనస్ 80 డిగ్రీల్లో పెట్టండి. మామూలు ఫ్రీజర్‌లో నెమ్మదిగా గడ్డకట్టించిన కణజాలంతో ఏబీపీ పని కొంతవరకు నడుస్తుంది. స్టెరాయిడ్ రిసెప్టర్ పని నడవదు.

ఇందులో ఆరోగ్యానికి ప్రమాదం ఏమైనా ఉందా?

ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. గొర్రె, మేకల్లో బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా జననాంగాల్లోనే స్థిరపడుతుంది. మనుషులకు సోకితే వారాల తరబడి జ్వరం, కీళ్ల నొప్పులు వస్తాయి. అన్నింటికంటే ప్రమాదకరమైన సమయం హోమోజినైజర్ తిరిగేటప్పుడు లేచే తుంపర. చేతి తొడుగులు, కళ్లద్దాలు, మాస్కు వేసుకుని బయోసేఫ్టీ క్యాబినెట్‌లో చేయాలి. గర్భస్రావం జరిగిన, లేదా పిండం, మాయ ఉన్న గర్భాశయాలను విద్యార్థులు తాకకూడదన్నది నా నియమం.

హోమోజినైజింగ్ బఫర్‌లో ఇన్ని పదార్థాలు ఎందుకు? కొన్ని మానేయవచ్చా?

దేన్నీ అలవాటుగా వేయవద్దు, దేన్నీ కారణం తెలియకుండా మానేయవద్దు.

ట్రిస్ బఫర్ పీహెచ్ ఉష్ణోగ్రతతో మారుతుంది. ఒక్కో డిగ్రీ తగ్గితే పీహెచ్ సుమారు 0.028 పెరుగుతుంది. 25 డిగ్రీల్లో 7.4కు సరిచేసి కోల్డ్ రూమ్‌లో పెడితే అక్కడ అది దాదాపు 8.0 అవుతుంది. పీహెచ్‌ను 4 డిగ్రీల్లోనే సరిచేయండి.

పీఎంఎస్‌ఎఫ్ సెరీన్ ప్రోటియేజ్‌లను ఆపుతుంది, కానీ నీటిలో నిలవదు. పీహెచ్ 7.5 దగ్గర, గది ఉష్ణోగ్రతలో సుమారు గంటలోపే సగం పాడవుతుంది. ఐసోప్రొపనాల్‌లో నిల్వ ద్రావణం చేసుకుని, కణజాలం వేసే ముందు క్షణంలో కలపాలి. నిన్న కలిపిన బఫర్‌లో పీఎంఎస్‌ఎఫ్ ఉన్నట్టు సీసా మీద రాసి ఉంటుంది, లోపల ఉండదు. ఇది విషపదార్థం, పొడిని తూచేటప్పుడు జాగ్రత్త.

ఈడీటీఏ లోహ అయాన్లు కావాల్సిన ప్రోటియేజ్‌లను ఆపుతుంది. అయితే తర్వాత చక్కెరలున్న ప్రోటీన్లను పట్టే కాన్‌ఎ స్తంభం (ప్రోటీన్లను వేరుచేసే, రెజిన్ నింపిన గొట్టం) వాడదలిస్తే ఈడీటీఏను ముందే తీసేయాలి. ఆ స్తంభంలోని లెక్టిన్‌కు కాల్షియం, మాంగనీస్ కావాలి. ఈడీటీఏ ఆ రెండింటినీ లాగేస్తుంది. "కాన్‌ఎ పట్టుకోలేదు" అని నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది సమస్య ఇదే.

గ్లిసరాల్ 10 నుంచి 30 శాతం దాకా వేస్తే రిసెప్టర్లు స్థిరంగా ఉంటాయి. డీటీటీ లాంటి థయాల్ పదార్థం స్టెరాయిడ్ రిసెప్టర్‌కు అవసరం, ఏబీపీకి దాని అవసరం లేదు. సోడియం మాలిబ్డేట్ 10 నుంచి 20 మిల్లీమోలార్ వేస్తే స్టెరాయిడ్ రిసెప్టర్ తన తోడు ప్రోటీన్లతో, ముఖ్యంగా 90 కిలోడాల్టన్ల హీట్ షాక్ ప్రోటీనుతో కలిసే ఉంటుంది, హార్మోనును పట్టుకునే స్థితిలో నిలుస్తుంది.

హోమోజినైజర్‌ను పది, పదిహేను సెకన్ల చొప్పున, మధ్యలో మంచులో చల్లారుస్తూ తిప్పండి. తర్వాత 1,05,000 జి వద్ద గంటసేపు తిప్పితే పైన వచ్చే ద్రవమే సైటోసాల్. పైన తేలే కొవ్వు పొరను జాగ్రత్తగా తీసేయండి. స్టెరాయిడ్‌లు కొవ్వులో కరుగుతాయి కాబట్టి ఆ పొర కలిస్తే లెక్కలన్నీ చెడతాయి.

బంధనాన్ని ఎలా కొలవాలి?

స్టెరాయిడ్ ప్రోటీన్లకు ఎక్కువగా వాడేది డెక్‌స్ట్రాన్ పూసిన బొగ్గుపొడి. రేడియోధార్మిక ట్రిటియం గుర్తు ఉన్న హార్మోనును సైటోసాల్‌తో కలిపి 0 నుంచి 4 డిగ్రీల్లో ఉంచుతాం. సమతాస్థితికి వచ్చాక బొగ్గుపొడి కలిపితే స్వేచ్ఛగా ఉన్న హార్మోను దానికి అంటుకుని అడుగుకు పోతుంది, ప్రోటీనుతో ఉన్నది పైన ద్రవంలో మిగులుతుంది. పక్కనే ఇంకొక గొట్టంలో 100 నుంచి 200 రెట్లు మామూలు హార్మోను కూడా కలుపుతాం. అందులో మిగిలే రేడియోధార్మికత అవిశిష్ట బంధనం. రెండింటి తేడాయే విశిష్ట బంధనం.

సులువుగా వినిపించే ఈ పనిలో మూడు చోట్ల విద్యార్థులు తడబడతారు.

కణజాలంలో అప్పటికే సొంత హార్మోను ఉంటుంది. వృషణంలో టెస్టోస్టెరాన్ చాలా ఎక్కువ. స్థానాలన్నీ నిండి ఉంటే మీరు వేసిన గుర్తు హార్మోనుకు చోటు దొరకదు, "ఇక్కడ ఏమీ లేదు" అనిపిస్తుంది. ముందు బొగ్గుపొడితో సొంత హార్మోనును తీసేయాలి, లేదా తగినంత సమయం ఇచ్చి మార్పిడి జరగనివ్వాలి.

రెండోది, ఎపిడిడిమిస్ ద్రవంలోని ఎంజైములు హార్మోనును మార్చేస్తాయి. టెస్టోస్టెరాన్ డీహెచ్‌టీ (డైహైడ్రోటెస్టోస్టెరాన్) అవుతుంది, డీహెచ్‌టీ ఇంకొకటవుతుంది. చల్లగా ఉంచడం, తీసిన స్టెరాయిడ్‌ను పలుచపొర క్రొమటోగ్రఫీలో సరిచూడటం తప్పనిసరి.

మూడోది సమయం. దీన్ని తర్వాతి ప్రశ్నలో చెబుతాను.

నాకు దొరికింది ఏబీపీయా, ఆండ్రోజెన్ రిసెప్టరా?

ఈ పేజీలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది. రెండూ డీహెచ్‌టీని నానోమోలార్ స్థాయిలో గట్టిగా పట్టుకుంటాయి. కె.డి. (సగం స్థానాలు నిండే హార్మోను గాఢత) విలువ చూసి వేరుచేయలేం. కానీ వాటి స్వభావాలు వేరు.

ఎలుక ఏబీపీ నుంచి డీహెచ్‌టీ మంచుగడ్డ ఉష్ణోగ్రతలోనూ దాదాపు ఆరు నిమిషాలకు సగం విడిపోతుంది. రిసెప్టర్ నుంచి అదే ఉష్ణోగ్రతలో విడిపోవడానికి ఒక రోజు కన్నా ఎక్కువ పడుతుంది. దీని అర్థం చూడండి. బొగ్గుపొడితో పది నిమిషాలు ఉంచారనుకుందాం. సగానికి ఆరు నిమిషాలు అయితే పది నిమిషాల తర్వాత ఏబీపీ మీద మిగిలేది సుమారు 32 శాతం. మూడింట రెండొంతులు బొగ్గు లాగేసుకుంది. మీరు ఏబీపీని మూడో వంతుగా కొలిచి, అదే నిజమైన విలువ అనుకుంటారు. రిసెప్టర్ మాత్రం చెక్కుచెదరదు. ఏబీపీని నిజంగా కొలవాలంటే బొగ్గు సమయాన్ని బాగా తగ్గించి విడిపోయిన వంతును లెక్కకట్టి కలపాలి. లేదా జెల్‌లోనే గుర్తు హార్మోను కలిపి నడిపే స్థిరస్థితి ఎలక్ట్రోఫొరెసిస్ వాడాలి. 1970ల్లో ఏబీపీ మీద పనిచేసినవారు ఆ పద్ధతిని తయారుచేసుకున్నది ఈ ఇబ్బంది వల్లే.

ఇక వేడి. 50 డిగ్రీల్లో అరగంట ఉంచితే ఏబీపీ తట్టుకుంటుంది, రిసెప్టర్ పని అయిపోతుంది. పాదరస సమ్మేళనాల వంటివి థయాల్ గుంపులను మూసేస్తే రిసెప్టర్ పట్టు పోతుంది, ఏబీపీది పోదు. ఆర్1881 అనే కృత్రిమ హార్మోను ఆండ్రోజెన్ రిసెప్టర్‌ను గట్టిగా పట్టుకుంటుంది, మానవ ఎస్‌హెచ్‌బీజీని పట్టుకోదు. అది ప్రొజెస్టెరాన్ రిసెప్టర్‌ను కూడా పట్టుకుంటుంది కాబట్టి ట్రయామ్సినొలోన్ అసిటొనైడ్ వేసి ఆ దారి మూసేయాలి. ఈ పరీక్షలన్నీ ఒకే వారంలో, శుద్ధి మొదలుపెట్టకముందే చేయవచ్చు. అవి చేయకుండా స్తంభాలు ఎక్కించేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. నెలల శ్రమ తర్వాత "ఇది ఏమిటి" అన్న ప్రశ్నకే తిరిగి వస్తారు.

రక్తం కలిస్తే ఏమవుతుంది?

ఆల్బుమిన్ స్టెరాయిడ్‌లను బలహీనంగా పట్టుకుంటుంది. మనిషి ఆల్బుమిన్‌కు టెస్టోస్టెరాన్ మీద ఉన్న పట్టు ఎస్‌హెచ్‌బీజీ పట్టులో పదివేల వంతు కూడా ఉండదు. కానీ లీటరు ప్లాస్మాలో అది 35 నుంచి 50 గ్రాములు ఉంటుంది. అంత రాశి ఉంటే బలహీనత లెక్కలోకి రాదు, అవిశిష్ట బంధనం కొండంత పెరుగుతుంది. కార్టికోస్టెరాయిడ్ బంధక గ్లోబులిన్ ఇంకా మోసకారి, అది ప్రొజెస్టెరాన్‌ను నిజంగానే గట్టిగా పట్టుకుంటుంది. గర్భాశయంలో ప్రొజెస్టెరాన్ రిసెప్టర్ వెతికేవారు కార్టిసాల్‌ను ఎక్కువ మోతాదులో కలిపి ఈ గ్లోబులిన్‌ను నింపేయాలి. కణజాలాన్ని చల్లటి ఉప్పునీటితో ఎర్రదనం పోయేదాకా కడగడం మొదటి జాగ్రత్త. సైటోసాల్‌లో ఎరుపు ఉంటే దాని శోషణను కొలిచి రాసుకోండి.

శుద్ధి ఏ వరుసలో చేయాలి?

ఏబీపీకి నేను సూచించే వరుస: అమ్మోనియం సల్ఫేట్ అవక్షేపం, డయాలసిస్, డీఈఏఈ అయాన్ మార్పిడి స్తంభం, స్టెరాయిడ్ తగిలించిన అఫినిటీ స్తంభం, చివర్లో పరిమాణాన్ని బట్టి వేరుచేసే జెల్ ఫిల్ట్రేషన్. చక్కెరలున్న ప్రోటీను కాబట్టి మధ్యలో కాన్‌ఎ స్తంభం పెట్టి ఆల్ఫా మిథైల్ మ్యానోసైడ్‌తో దింపవచ్చు. కాన్‌ఎ పట్టుకోని రూపం కూడా ఉంటుంది, దాన్ని పారేయకండి, ఆ వాటా ఎంతో చెప్పడమే ఒక ఫలితం.

ఎక్కువ ద్రవం, తక్కువ ఖర్చు ఉన్న అడుగు మొదట. తక్కువ ద్రవం, ఎక్కువ విభజన ఉన్న అడుగు చివర. అమ్మోనియం సల్ఫేట్‌ను పొడిగా, మంచులో కలుపుతూ, నెమ్మదిగా వేయండి. నురగ రానివ్వకండి, నురగలో ప్రోటీను చెడుతుంది. డీఈఏఈ ఎక్కించే ముందు ఉప్పు పూర్తిగా పోయిందని వాహకతతో సరిచూడండి.

ప్రతి అడుగు నుంచి మూడు చిన్న నమూనాలు తీసి మైనస్ 80లో పెట్టండి: ఎక్కించినది, స్తంభం పట్టుకోకుండా బయటకు వచ్చినది, దింపినది. ప్రోటీను పోయినప్పుడు ఎక్కడ పోయిందో చెప్పేవి ఆ నమూనాలే.

అఫినిటీ స్తంభానికి హార్మోనును ఎలా తగిలించాలి? నా స్తంభం ఒకసారి పనిచేసి తర్వాత ఎందుకు ఆగిపోయింది?

చాలా స్తంభాల్లో స్టెరాయిడ్‌ను హెమీసక్సినేట్ రూపంలో, ఎస్టర్ బంధంతో అగరోజ్‌కు తగిలిస్తారు. శుద్ధి కాని ద్రవంలో ఎస్టరేజ్ ఎంజైములు ఉంటాయి. అవి ఆ బంధాన్ని కోస్తాయి, స్టెరాయిడ్ ఊడి ద్రవంలోకి వస్తుంది. ఊడిన స్టెరాయిడ్ మీ ప్రోటీను స్థానాన్ని నింపేస్తుంది, ప్రోటీను స్తంభాన్ని పట్టుకోదు. స్తంభం ఖాళీ అవుతుంది, ప్రోటీను జారిపోతుంది, రెండు నష్టాలూ ఒకేసారి. అందుకే అఫినిటీ అడుగును మొదటే పెట్టవద్దు. డీఈఏఈ తర్వాత పెట్టండి, ముందు స్తంభాన్ని మిథనాల్ కలిసిన ద్రవంతో, తర్వాత బఫర్‌తో బాగా కడగండి. కడిగిన ద్రవంలో స్టెరాయిడ్ లేదని తేలేదాకా ఆపవద్దు. వీలైతే ఈథర్ బంధంతో చేసిన అఫినిటీ రెజిన్ ఎంచుకోండి.

స్టెరాయిడ్‌లో ఏ కార్బన్ దగ్గర తగిలిస్తున్నామన్నది అంతే ముఖ్యం. ప్రోటీను గుర్తుపట్టే భాగాన్నే కప్పేస్తే పట్టుకోవడానికి ఏమీ మిగలదు. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ పనిలో ఈస్ట్రడయాల్‌ను 7వ కార్బన్ దగ్గర తగిలించిన రెజిన్ ఎందుకు మేలైందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

దింపడానికి మామూలు స్టెరాయిడ్‌ను ఎక్కువగా కలిపిన బఫర్ వాడతాం. అప్పుడు ప్రోటీను స్థానాలు మామూలు స్టెరాయిడ్‌తో నిండి ఉంటాయి. దాన్ని గుర్తు హార్మోనుతో మార్చకుండా కొలిస్తే సున్నా వస్తుంది. చాలామంది భయపడేది అక్కడే. ఏబీపీకి మార్పిడి త్వరగా జరుగుతుంది, రిసెప్టర్‌కు గంటలు పడుతుంది.

పూర్తిగా శుద్ధి అయిందని ఎలా తెలుస్తుంది?

విశిష్ట క్రియాశీలత, అంటే ఒక మిల్లీగ్రాము ప్రోటీనుకు ఎన్ని పికోమోల్ హార్మోను పట్టుకుందో చూడాలి. ప్రోటీను అణుభారం తెలిస్తే గరిష్ఠ విలువ ముందే లెక్కకట్టవచ్చు. ఏబీపీ రెండు ఉపప్రమాణాల జంట, సుమారు 90 కిలోడాల్టన్లు అనుకుందాం. మిల్లీగ్రాములో 11.1 నానోమోల్ జంటలు ఉంటాయి. జంటకు ఒకే స్థానం అనుకుంటే గరిష్ఠం 11,100 పికోమోల్, రెండు స్థానాలు అనుకుంటే 22,200. చాలాకాలం జంటకు ఒకటే అనుకున్నారు. 2000లో మానవ ఎస్‌హెచ్‌బీజీలోని స్టెరాయిడ్ పట్టే భాగపు స్ఫటిక నిర్మాణం వచ్చి, తర్వాతి పరిశోధన తోడయ్యాక ప్రతి ఉపప్రమాణానికీ ఒక స్థానం ఉందన్న అవగాహన బలపడింది. పాత పట్టికల్లో "పూర్తి శుద్ధి" అని రాసిన విలువలను ఇది తెలిసి చదవండి.

ఇప్పుడు ఒక ఊహాలెక్క. సైటోసాల్‌లో మిల్లీగ్రాముకు 1 పికోమోల్ ఉంది, మొత్తం ప్రోటీను 2 గ్రాములు. అంటే 2,000 పికోమోల్. శుద్ధమైన రూపంలో అది సుమారు 90 మైక్రోగ్రాములు మాత్రమే. చివరికి ఐదో వంతు మిగిలినా 18 మైక్రోగ్రాములు. 22 వేల రెట్లు శుద్ధి కావాలి. ఈ లెక్క మొదటి రోజే వేసుకుంటే ఎన్ని పొట్టేళ్ల ఎపిడిడిమిస్ కావాలో, చివరి జెల్‌కు ఎంత మిగులుతుందో తెలుస్తుంది.

ప్రోటీను కొలతలో జాగ్రత్త: బ్రాడ్‌ఫర్డ్ పద్ధతిని ట్రైటాన్ అనే డిటర్జెంట్, బీసీఏ పద్ధతిని డీటీటీ చెడగొడతాయి. వెండి మరకలో 55 నుంచి 70 కిలోడాల్టన్ల మధ్య మసక పట్టీలు కనిపిస్తే చర్మపు కెరాటిన్ అని ముందు అనుమానించండి.

స్కాచర్డ్ గీత వంగింది. రెండు రకాల రిసెప్టర్లు ఉన్నట్టేనా?

తొందరపడవద్దు. బంధిత, స్వేచ్ఛా హార్మోనుల నిష్పత్తిని బంధిత హార్మోనుకు ఎదురుగా గీసే ఈ గీత 1949లో వచ్చింది, అందమైనది, కానీ దోషాలను నిజాల్లా చూపించగలదు. అవిశిష్ట బంధనాన్ని సరిగా తీసేయకపోతే వంగుతుంది. అతి తక్కువ హార్మోను ఉన్న గొట్టాలు సమతాస్థితికి రావడానికి ఎక్కువ సమయం తీసుకుంటాయి, వాటిని తొందరగా ఆపితే వంగుతుంది. ప్రోటీను మరీ ఎక్కువగా ఉండి హార్మోనులో పెద్ద వాటాను మింగేస్తే వంగుతుంది. స్టెరాయిడ్ ప్లాస్టిక్ గోడకు అంటుకున్నా అంతే. ముడి విలువలను నేరుగా వక్రరేఖకు అమర్చి కె.డి.నీ గరిష్ఠ సామర్థ్యాన్నీ లెక్కకట్టండి, స్కాచర్డ్‌ను చూడటానికి మాత్రం గీయండి. ఇవన్నీ సరిచూశాక కూడా వంగే ఉంటే, అప్పుడు రెండు స్థానాల మాట ఎత్తవచ్చు.

జెల్ ఫిల్ట్రేషన్, సుక్రోజ్ ప్రవణత, ఎస్‌డీఎస్ జెల్ మూడూ మూడు పరిమాణాలు చెబుతున్నాయి. ఏది నిజం?

మూడూ నిజమే, ఎందుకంటే అవి కొలిచేవి వేరు. ఎస్‌డీఎస్ జెల్ ఉపప్రమాణాన్ని చూపిస్తుంది, చక్కెరలు ఎక్కువైతే పట్టీ వెడల్పై పైకి జరుగుతుంది. జెల్ ఫిల్ట్రేషన్ చెప్పేది స్టోక్స్ వ్యాసార్ధం, ప్రవణత చెప్పేది అవక్షేపణ గుణకం. సీగల్, మాంటీ 1966లో చూపినట్టు ఆ రెండింటినీ కలిపితేనే అణుభారం వస్తుంది. గర్భాశయపు ఈస్ట్రోజెన్ రిసెప్టర్ తక్కువ ఉప్పులో 8ఎస్ దగ్గర, ఎక్కువ ఉప్పులో 4ఎస్ దగ్గర (ఎస్ అంటే అవక్షేపణ గుణకపు ప్రమాణం) కనిపించడం 1960ల నాటి ప్రసిద్ధ ఫలితం. తోడు ప్రోటీన్లు ఉన్నాయా ఊడాయా అన్నదే ఆ తేడా.

ఎల్‌హెచ్ రిసెప్టర్ చేయాలని ఉంది. అదే పద్ధతా?

కాదు, దాదాపు అన్నీ మారతాయి. అది పొరలో ఉంటుంది కాబట్టి ట్రైటాన్ ఎక్స్-100 లాంటి డిటర్జెంట్‌తో కరిగించాలి. 20 శాతం గ్లిసరాల్ లేకపోతే కరిగిన కొద్దిసేపటికే పట్టు పోతుంది. వాడే హార్మోను అయోడిన్-125 తగిలించిన హెచ్‌సీజీ, ఎల్‌హెచ్ రిసెప్టర్‌నే పట్టుకునే గర్భధారణ హార్మోను. అయోడిన్-125 అర్ధాయువు సుమారు 60 రోజులు, కాబట్టి ప్రణాళిక ఆ క్యాలెండరు చుట్టూ తిరుగుతుంది. కరిగిన రిసెప్టర్‌ను వేరుచేయడానికి బొగ్గుపొడి పనికిరాదు, పాలిఎథిలీన్ గ్లైకాల్‌తో అవక్షేపించాలి. శుద్ధికి హెచ్‌సీజీ తగిలించిన స్తంభం, దింపడానికి ఆమ్ల బఫర్, దింపిన వెంటనే తటస్థీకరణ. ఎలుక అండాశయాలకు పీఎంఎస్‌జీ అనే హార్మోను, తర్వాత హెచ్‌సీజీ ఇచ్చి లూటియం కణజాలం పెంచడం పాత ఆనవాయితీ. ఇక్కడ గొర్రె, మేకల కార్పస్ లూటియం దొరుకుతుంది, ఎర్రగా గట్టిగా ఉన్నవాటిని ఎంచుకోండి, పాలిపోయినవి వద్దు. డిటర్జెంట్ బిందువులు అంటుకుని ఉంటాయి కాబట్టి జెల్ ఫిల్ట్రేషన్ విలువ ప్రోటీనుది మాత్రమే కాదని గుర్తుంచుకోండి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు దీన్ని నేను సిఫారసు చేయను.

మా కళాశాలలో రేడియోధార్మిక పదార్థాలకు అనుమతి లేదు. ఇక దారి లేదా?

ఉంది. ఎస్‌హెచ్‌బీజీ కుటుంబపు ప్రోటీన్లలో హార్మోను చేరినప్పుడు ట్రిప్టొఫాన్ ప్రతిదీప్తి తగ్గడాన్ని కొలవవచ్చు, అయితే ప్రోటీను చాలావరకు శుద్ధమై ఉండాలి. ముడి ద్రవంలో అయితే బొగ్గుపొడి తర్వాత పైన మిగిలిన హార్మోనును ఎలైసాతో కొలవవచ్చు. ఇందులో కచ్చితత్వం తక్కువ, కానీ అడుగడుగునా పట్టు ఉందో లేదో చెబుతుంది. ఉపరితల ప్లాస్మాన్ రెజోనెన్స్, కెలోరిమెట్రీ యంత్రాలు నగరంలోని పెద్ద సంస్థల్లో ఉంటాయి. మీ మార్గదర్శకుల ద్వారా రాసి, నమూనా ఎంత శుద్ధమో, ఎంత ఉందో ముందే చెప్పి సమయం అడగండి. ఆడుగోడిలోని జాతీయ పశు పోషణ, శరీరధర్మ సంస్థ లాంటి చోట్ల గొర్రె, మేకల శరీరధర్మం తెలిసినవారు ఉంటారు, కణజాలం గురించి వారి సలహా విలువైనది.

నాలుగు నెలల ప్రాజెక్టులో ఏం సాధ్యం?

పొట్టేలు ఎపిడిడిమిస్ సైటోసాల్‌లో డీహెచ్‌టీ బంధనాన్ని నిరూపించడం, వేడి, థయాల్, విడిపోయే వేగం పరీక్షలతో అది ఏ రకమో తేల్చడం, సీరంతో పోల్చడం, కె.డి. కొలవడం, అమ్మోనియం సల్ఫేట్, డీఈఏఈ దాకా శుద్ధి చేసి నిజాయితీగా ఒక శుద్ధి పట్టిక వేయడం. ఇంతవరకు బాగా చేస్తే అది నిండైన పని. అఫినిటీ అడుగు, మాస్ స్పెక్ట్రోమెట్రీ తర్వాత వచ్చే విద్యార్థి చేస్తారు, మీ నమూనాలకు పేరు, తేదీ, బఫర్ సరిగ్గా రాసి ఉంటే.

శుద్ధి చేసిన ప్రోటీను ఎంతకాలం నిలుస్తుంది?

మైక్రోగ్రాముల్లో ఉన్న ప్రోటీను గొట్టం గోడలకే అంటుకుని మాయమవుతుంది. తక్కువ అంటుకునే గొట్టాలు వాడండి, గ్లిసరాల్ వేసి చిన్న చిన్న భాగాలుగా మైనస్ 80లో పెట్టండి, ఒక భాగాన్ని ఒకసారే కరిగించండి. ఏబీపీని దాని స్టెరాయిడ్‌తో కలిపే ఉంచితే ఎక్కువ స్థిరంగా ఉంటుంది, వాడే ముందు మార్పిడి చేసుకోవచ్చు. ఫ్రీజర్‌కు జనరేటర్ లేదా యూపీఎస్ ఉందో లేదో ముందే కనుక్కోండి. వేసవిలో కరెంటు పోయిన రాత్రి తర్వాత ఆ ఫ్రీజర్‌లోని ఒక భాగాన్ని కొలిచి చూశాకే మిగతావాటిని వాడండి.